పావలా మెసేజ్, ఫ్రీ గ్రూపు

"వాట్సాప్ గ్రూపులున్నాయి కదండీ, అంతా ఫ్రీయే. మళ్లీ మెసేజ్‌లకి డబ్బు తగలెయ్యడం ఎందుకు?"

తల్లిదండ్రుల ఫోన్లకి బడి నుంచి ఆటోమేటిక్ మెసేజ్ వెళ్లే ఏర్పాటు పెట్టుకోమంటే, పశ్చిమ గోదావరిలో చిన్న ప్రైవేటు బడులు నడిపే కరస్పాండెంట్ల నోట ఈ మాట ఏటా వింటాను. ఏప్రిల్, మే నెలల్లో నా పనంతా వాళ్ల పుస్తకాలతోనే. ఫీజు రిజిస్టరు, జీతాల పట్టీ, బస్సు డీజిల్ బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ముందేసుకుని కూర్చుంటాను. తల్లిదండ్రులకు కబురు అందించడానికి బడి పెట్టే ఖర్చు మాత్రం ఆ పుస్తకాల్లో ఎక్కడా ఉండదు. పద్దు లేదు కాబట్టి ఖర్చు కూడా లేదనుకుంటారు. నన్నడిగితే బడిలో అన్నిటికన్నా ఖరీదైన ఏర్పాటు ఆ ఫ్రీ గ్రూపే. దాని బిల్లు కొంత టీచర్ల రాత్రుళ్లకి పడుతుంది, కొంత ఆలస్యంగా వచ్చే ఫీజులో పోతుంది, మిగతాది బడి మానేసిన పిల్లల ఖాతాలో తేలుతుంది.

ముందు ఒక మాట. ఆటోమేటిక్ మెసేజ్‌ల సాఫ్ట్‌వేర్ అమ్మడానికి వచ్చే కుర్రాళ్లు చెప్పే లెక్క కూడా నేను ఒప్పుకోను. వాళ్ల మొదటి స్లైడు ఎప్పుడూ కాగితం ఖర్చు గురించే. సర్క్యులర్లు మానేస్తే బోలెడు మిగులుతుందంటారు. ఎంత మిగులుతుందో చూద్దాం. 600 మంది పిల్లలు, ఒక్కొక్కరికి ఏ4 కాగితంలో పావు ముక్క. మొత్తం 150 కాగితాలు. 500 కాగితాల రిమ్ము 280 రూపాయలనుకుంటే ఆ 150 కాగితాలకి 84 రూపాయలు. జిరాక్సు మిషను ఇంకు, సర్వీసింగ్ కలిపి ఒక్కో కాగితానికి అర్ధ రూపాయి వేసుకుంటే ఇంకో 75. అంటే ఒక్కో చీటీకి 27 పైసలు. బల్క్ ఎస్ఎంఎస్ ఒకటి 20 పైసలకు దొరికిందనుకోండి, 18 శాతం జీఎస్టీతో 23 పైసల పైన పడుతుంది. బడి చదువుకి జీఎస్టీ మినహాయింపు ఉంది కాబట్టి, కట్టిన ఆ పన్నుని ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి తీసుకునే దారి బడికి లేదు. చీటీ పావలా, మెసేజ్ పావలా. కాగితం మానేసి కోటలు కట్టినవాళ్లెవరూ లేరు.

డబ్బు ఉన్నది ఫోన్ కాల్స్‌లో. అదే బడిలో టర్మ్ ఫీజు గడువు దాటాక 200 మంది కట్టలేదనుకుందాం. ఆఫీసులో క్లర్కమ్మాయి ఒక్కొక్కరికీ ఫోన్ చెయ్యాలి. ఒకరు ఎత్తరు. ఒకరు పొలంలో ఉన్నానంటారు. ఒకరు "వాళ్ల నాన్నకి చెయ్యండి" అని పెట్టేస్తారు. ఇంటికి నాలుగు నిమిషాల చొప్పున వేసుకున్నా 800 నిమిషాలు, అంటే పదమూడు గంటల పైమాటే. రెండు పూర్తి పనిదినాలు. నెలకి 12 వేల జీతం మీద అది 900 రూపాయలు దాటుతుంది. 200 మెసేజ్‌లకి అయ్యేది 50 రూపాయల లోపు. పైగా ఈ రెండు రోజుల్లో అడ్మిషన్ అడగడానికి ఎవరన్నా వస్తే వాళ్లని కూర్చోబెట్టి, చేత్తో "ఒక్క నిమిషం" అని సైగ చేస్తూ ఆ అమ్మాయి ఫోన్లోనే ఉంటుంది.

దీనికన్నా పెద్ద లెక్క వడ్డీది. చిన్న బడులకి బ్యాంకులు ఓవర్‌డ్రాఫ్ట్ అంత తేలిగ్గా ఇవ్వవు. జీతాల తేదీ దగ్గరపడి, ఫీజులు రాకపోతే కరస్పాండెంటు ఊళ్లో ఎవరి దగ్గరో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తాడు. ఆరు లక్షలు ఇరవై రోజులు వాడుకుంటే ఎనిమిది వేలు వడ్డీ. ఇలాంటివి ఏడాదికి మూడు టర్ములు. ఈ వడ్డీ ఆయన సొంత పద్దులో రాసుకుంటాడు తప్ప బడి పుస్తకంలోకి రాదు. అందుకే "ఫీజులు పదిహేను రోజులు ముందొస్తే మీకెంత మిగులుతుంది?" అని అడిగితే చాలామంది దగ్గర జవాబు ఉండదు. గడువుకి వారం ముందు ఒకటి, రెండు రోజుల ముందు ఒకటి, దాటిన మర్నాడు ఒకటి వేళకి వెళ్లిపోతే, మరిచిపోయి కట్టనివాళ్ల వాటా అయినా ముందే వస్తుంది. 2020 జనవరి నుంచి యూపీఐ మీద డబ్బు అందుకున్నవాళ్లు బ్యాంకుకి కట్టాల్సిన ఎండీఆర్ అనే ఛార్జీ లేదు కాబట్టి, బడి ఖాతా క్యూఆర్‌కే కట్టించుకుంటే వసూలు ఖర్చు కూడా దాదాపు ఉండదు. గేట్‌వే కంపెనీ మధ్యలో దూరితే అది వేరే కథ.

అయితే కట్టనివాళ్లంతా ఒకటి కాదు. మా వైపు మూడు రకాలు. మరిచిపోయినవాళ్లు మొదటి రకం, వాళ్లకి మెసేజ్ చాలు. రెండో రకానికి డబ్బు ఉంటుంది కానీ చేతికి రావాలి. సార్వా (ఖరీఫ్) ధాన్యం డబ్బులు పడాలి, రొయ్యల చెరువు పట్టుబడి అవ్వాలి. వాళ్లకి సెప్టెంబరులో పది మెసేజ్‌లు పంపినా పైసా రాలదు. ఆ కుటుంబాల గడువే మార్చాలి, సాఫ్ట్‌వేర్‌లో ఆ ఒక్క తేదీ మార్చడం అర నిమిషం పని. మూడో రకం నిజంగా ఇబ్బందిలో ఉన్నవాళ్లు. వాళ్లకి మిషను మెసేజ్ పంపడమే తప్పు. మనిషి మాట్లాడాలి.

ఇక్కడే చీటీ సంగతి చెప్పాలి. చీటీ కాగితం పావలాయే కానీ అది వెళ్లే దారి పిల్లల చేతుల మీదుగా. "ఫీజు కట్టనివాళ్లు నిలబడండి" అన్న మాట మన తరంలో ప్రైవేటు బడిలో చదివిన ఎవరికి గుర్తు లేదు? టీచరు పేర్లు చదువుతుంది, పిల్లలు లేచి చీటీ తీసుకుంటారు, పక్క బెంచీ వాడు తొంగి చూస్తాడు. కొందరు ఆ చీటీ ఇంట్లో ఇవ్వనే ఇవ్వరు. ఇంట్లో గొడవ అవుతుందని నలిపి కాలవలో పడేస్తారు. బడికి డబ్బూ రాదు, పిల్లకి మొహమూ చెల్లదు. నాలుగు రోజులు కడుపునొప్పి అని ఇంట్లో ఉండిపోతుంది. అప్పు తల్లిదండ్రులది, కబురు వాళ్ల ఫోనుకే వెళ్లాలి. గ్రూపులో బాకీల లిస్టు పెట్టే బడులు కూడా చూశాను, అది చీటీ కన్నా ఘోరం. ఆటోమేటిక్ మెసేజ్‌కి నేను ఓటేసేది ముందు దీనికోసం, తర్వాతే డబ్బు కోసం.

కడుపునొప్పి అన్నాను కాబట్టి హాజరు సంగతికి వద్దాం. రోజుకి నూటికి ఎనిమిది మంది రాకపోయినా 600 మందిలో 48 మంది. వాళ్లందరికీ రోజూ ఫోన్ చేసే బడి ఎక్కడా లేదు. అంటే ఇక్కడ మెసేజ్ ఏ ఖర్చునీ తగ్గించదు, ఇప్పటిదాకా జరగని పనిని కొత్తగా చేస్తుంది. మరి డబ్బెక్కడ? సంక్రాంతి తర్వాత మెల్లగా మాయమయ్యే పిల్లల్లో. దసరాకి ఊరెళ్లి వారం ఆలస్యంగా వచ్చిన పిల్లాడు, కార్తీకంలో పెళ్లిళ్లకి ఇంకో వారం మానేస్తాడు, పాఠాలు అందవు, జనవరిలో బడి మారతాడు లేదా ఆగిపోతాడు. మిగతా ఫీజు పోయినట్టే. ఏడాదికి 18 వేల ఫీజు ఉన్న బడి, 600 మందికి తలా 60 మెసేజ్‌లు పావలా చొప్పున పంపినా ఖర్చు తొమ్మిది వేలు. ఒక్క పిల్లాడి సగం ఫీజు. ఒక్క పిల్లాడు బడి మానకుండా నిలిచి మరుసటి ఏడాది ఫీజు కట్టినా మెసేజ్‌ల ఖర్చు పోను అంతే మిగులుతుంది.

ఇది నా ఊహ మాత్రమే కాదు. అమెరికాలో వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో 22 బడుల్లో పీటర్ బెర్గ్‌మన్, ఎరిక్ చాన్ అనే పరిశోధకులు తల్లిదండ్రులకు ఆటోమేటిక్ మెసేజ్‌లు పంపి చూశారు. పిల్లాడు ఏ క్లాసులు ఎగ్గొట్టాడు, ఏ హోంవర్కులు ఇవ్వలేదు, మార్కులు ఎక్కడ తగ్గాయి అన్న సంగతులు. సబ్జెక్టులు తప్పడం పావు వంతుకు పైగా తగ్గింది, క్లాసుల హాజరు 12 శాతం పెరిగింది. ఫిలడెల్ఫియాలో టాడ్ రోజర్స్, ఆవీ ఫెల్లర్ చేసిన పని నాకు ఇంకా నచ్చింది. 28 వేల కుటుంబాల మీద చేసి 2018లో ప్రచురించారు. వాళ్లు పంపినవి మెసేజ్‌లు కావు, పోస్టులో కాగితం ఉత్తరాలు. మీ పిల్లాడు ఇప్పటికి ఇన్ని రోజులు రాలేదు అని లెక్క చెప్పారంతే. మితిమీరి బడి మానేసే పిల్లలు పది శాతానికి పైగా తగ్గారు. తల్లిదండ్రులు చెడ్డవాళ్లేం కాదు, తమ పిల్లాడు మానేసిన రోజుల్ని తక్కువగా అంచనా వేసుకుంటున్నారు. అంటే పనిచేసింది ఫోనూ కాదు, సాఫ్ట్‌వేరూ కాదు, సరైన లెక్క సరైన మనిషికి చేరడం. "ఈ రోజు రాలేదు" అనే మెసేజ్ కన్నా నెలాఖరుకి "జూన్ నుంచి ఇప్పటికి 14 రోజులు రాలేదు" అనేది గట్టిగా తగులుతుంది. మన సాఫ్ట్‌వేర్లలో మొదటిది ఉంటుంది, రెండోది అడిగితే "కస్టమైజేషన్ ఛార్జ్ అవుద్ది సార్" అంటారు.

ఆంధ్రలో ఈ హాజరు లెక్క మీద తల్లులకి ఎప్పుడో ఆసక్తి పుట్టింది. 2020 జనవరిలో అమ్మ ఒడి మొదలయ్యాక 75 శాతం హాజరు అనే షరతు ఇంటింటి మాట అయింది. 2025లో దాని స్థానంలో తల్లికి వందనం వచ్చింది. అదే ఏడాది ఏప్రిల్‌లో ఇంటర్, పదో తరగతి ఫలితాలు ప్రభుత్వపు మన మిత్ర వాట్సాప్‌లోనే చూసుకున్నారు. ఫోన్లో బడి కబురు చదవడం మా తల్లిదండ్రులకి రాదు అని కరస్పాండెంట్లు చెప్పే సాకు ఇక చెల్లదు.

మరి వాట్సాప్ గ్రూపులోనే చెబితే పోయేదేంటి?

పోయేది టీచరు. ఏడో తరగతి బి సెక్షన్ గ్రూపు టీచరు సొంత ఫోనులో, సొంత నంబరు మీద ఉంటుంది. సాయంత్రం ఆరింటికి హోంవర్కు పెడుతుంది. "ఓకే మేడమ్", "థాంక్యూ మేడమ్", చేతులు జోడించిన బొమ్మలు. తొమ్మిదింటికి "మేడమ్, మా వాడు డైరీ మర్చిపోయాడు, లెక్కలు ఏమిచ్చారు?" అదే సంగతి పైన ఉంది, కానీ గుడ్ నైట్ బొమ్మల కింద మునిగిపోయింది. టీచరు మళ్లీ పెడుతుంది. పదింటికి ఎవరో తండ్రి గ్రూపు వదిలేసి నేరుగా ఆమె నంబరుకే మెసేజ్ పెడతాడు. అందులో కొందరు హోంవర్కు కోసం పెట్టరు. ఈ సంగతి స్టాఫ్‌రూముల్లో అందరికీ తెలుసు, మేనేజ్‌మెంట్ మీటింగుల్లో ఎవరూ ఎత్తరు. పది పదిహేను వేల జీతానికి రోజూ ఇంకో గంటన్నర డ్యూటీ ఇది. నెలకి 25 రోజులు చూసుకుంటే దాదాపు 40 గంటలు. ఒక వారం పని. జీతం పట్టీలో దీనికి గడి లేదు.

అడ్మిన్లు మాత్రమే రాసేలా సెట్టింగ్ పెట్టొచ్చు కదా అంటారు. పెట్టొచ్చు, చాలా బడులు పెట్టాయి కూడా. గ్రూపు నిశ్శబ్దం అవుతుంది, సొంత నంబరుకి వచ్చే మెసేజ్‌లు రెట్టింపవుతాయి. పైగా గ్రూపులో పెట్టేది అందరికీ ఒకే కబురు. "శుక్రవారం సెలవు" చెప్పడానికి సరిపోతుంది. మీ పాప ఈ రోజు రాలేదు, మీ బాకీ ఇంత, మీ బస్సు ఆలస్యం అనేవి ఒక్కో ఇంటికి వేరు. అవి గ్రూపులో పట్టవు కాబట్టే మళ్లీ ఫోన్లు, మళ్లీ చీటీలు.

చదువు మధ్యలో టీచరు మానేస్తే బడికి ఎంత నష్టమో కరస్పాండెంట్లకి నేను చెప్పక్కర్లేదు. డిసెంబరులో సైన్సు టీచరు దొరకాలంటే వెయ్యో రెండు వేలో ఎక్కువ ఇవ్వాలి, ఆ కబురు తెలిస్తే మిగతావాళ్లూ అడుగుతారు. మానేసినవాళ్లని ఎందుకు మానేశారని అడిగితే అందరూ జీతమనే చెబుతారు. కాస్త కూర్చుని మాట్లాడితే ఫోను సంగతి బయటికొస్తుంది.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర్లో తీరం దాటింది. ఆ వారం మా వైపు బడుల గ్రూపులు చూస్తే చాలు. సెలవు ఎన్ని రోజులు, రేపుందా, పొడిగించారా, ప్రైవేటు బడులకి కూడానా? ప్రతి తుఫానుకీ పాత తేదీతో కలెక్టర్ ఉత్తర్వు ఫొటో ఒకటి తిరుగుతుంది. ఏది నిజమో తెలియక జనం కరస్పాండెంటుకే ఫోన్ చేస్తారు. కరెంటు లేదు, డేటా సరిగ్గా రాదు, వాట్సాప్ తిరుగుతూనే ఉంటుంది. మామూలు ఎస్ఎంఎస్‌కి డేటా అక్కర్లేదు, సన్నటి సిగ్నల్ ఉన్నా దూరిపోతుంది. బడి పేరుతో వచ్చిన ఒక్క మెసేజ్ చాలు. అందుకే వాట్సాప్‌కి మారినా సరే, ఎస్ఎంఎస్‌ని పూర్తిగా మూసేయవద్దంటాను.

ఎస్ఎంఎస్‌కి ఒక చిక్కుంది, అది తెలుగు రాసేవాళ్లకే తగిలే దెబ్బ. ఇంగ్లిషులో ఒక మెసేజ్‌కి 160 అక్షరాలు పడతాయి. తెలుగు యూనికోడ్‌లో వెళుతుంది కాబట్టి 70 మాత్రమే. ఆ 70 కూడా మనం కంటితో లెక్కపెట్టే అక్షరాలు కావు. గుణింతం ఒకటి, పొల్లు ఒకటి, ఒత్తు ఒకటి, అన్నీ విడివిడిగా లెక్కలోకి వస్తాయి. "ప్రియమైన తల్లిదండ్రులకు," అని మొదలుపెట్టారనుకోండి. కంటికి పది అక్షరాలు, మిషనుకి 24. మూడో వంతు మర్యాదకే అయిపోయింది. 70 దాటితే ఒక్కో ముక్కకి 67 చొప్పున కోసి, ఎన్ని ముక్కలైతే అన్ని మెసేజ్‌ల డబ్బు తీసుకుంటారు. ఎస్ఎంఎస్ ప్రమాణంలో తెలుగుకి విడిగా ఒక అక్షరాల పట్టిక ఉంది, దాన్ని వాడితే ఇంత నష్టం ఉండదు. కానీ బల్క్ మెసేజ్ అమ్మేవాళ్లు పంపేది యూనికోడ్‌లోనే. దీనికి బడులు కనిపెట్టిన విరుగుడు ఇంగ్లిషులో పంపడం. డియర్ పేరెంట్, యువర్ వార్డ్ ఈజ్ ఆబ్సెంట్. ఆ తల్లికి ఇంగ్లిషు రాదు, రాని పిల్లాడి చేతే చదివించుకుంటుంది. వాడు తనకిష్టమొచ్చినట్టు చెబుతాడు.

"మీ పాప శ్రీలక్ష్మి ఈ రోజు బడికి రాలేదు. కారణం తెలపండి." ఇది 54. చివర బడి పేరుకి ఇంకా 16 మిగిలాయి. ఒక్క మెసేజ్ డబ్బుతో అచ్చ తెలుగులో వెళ్లిపోతుంది. ప్రియమైన, గౌరవనీయులైన, దయచేసి, కృతజ్ఞతలతో అన్నవి తీసేస్తే తెలుగు మెసేజ్ కూడా పావలాలోనే ఉంటుంది. మర్యాద తక్కువైందని నాకు తెలిసి ఏ తల్లీ ఫిర్యాదు చెయ్యలేదు.

ఈ వాక్యాలు ముందే తీరుబడిగా కూర్చుని రాసుకోవాలి, ఎందుకంటే తర్వాత మార్చడం కష్టం. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం బడి ముందు టెలికాం కంపెనీలు నడిపే నమోదు వేదిక డీఎల్‌టీలో నమోదు చేసుకోవాలి, ఆరక్షరాల పేరు తీసుకోవాలి, పంపబోయే ప్రతి వాక్యాన్నీ టెంప్లేటుగా ఆమోదింపజేసుకోవాలి. పిల్లాడి పేరు, తేదీ, మొత్తం లాంటివి మాత్రమే ఖాళీలు. 2024 అక్టోబరు నుంచి మెసేజ్‌లో లింకు పెట్టాలంటే దాన్ని కూడా ముందే నమోదు చెయ్యాలి, ఫీజు కట్టే లింకు కూడా. దీన్నంతా తలనొప్పి అంటారు. నిజమే, నమోదుకి కొన్ని వేలు, తిరగడానికి కొన్ని వారాలు పడుతుంది. కానీ దీనివల్లే బడి పేరుతో దొంగ మెసేజ్ పంపడం కష్టమైంది. సెలవు కబురుకి, ఫీజు కబురుకి ఆ నమ్మకం కావాలి. ఒక్కటి మాత్రం చెయ్యకూడదు. సర్వీసు టెంప్లేటులో "అడ్మిషన్లు జరుగుచున్నవి" అని ఇరికించకూడదు. ప్రకటన కలిసిందంటే అది ప్రమోషనల్ అయిపోతుంది, ప్రకటనలు వద్దని ఫోన్లో డీఎన్‌డీ పెట్టుకున్నవాళ్లకి చేరదు.

వాట్సాప్‌నే పద్ధతిగా వాడుకునే దారి కూడా ఉంది, దాని పేరు బిజినెస్ ప్లాట్‌ఫామ్. గ్రూపు ఉండదు. బడి నంబరు నుంచి ఒక్కో ఇంటికి విడిగా వెళుతుంది, టీచరు నంబరు ఎవరికీ కనపడదు. 2025 జులై నుంచి వాట్సాప్ యజమాని మెటా దీనికి మెసేజ్ చొప్పున వసూలు చేస్తోంది. హాజరు, ఫీజు రసీదు లాంటివి యుటిలిటీ కింద చవకగా పోతాయి. ప్రకటనలకి రేటు ఎన్నో రెట్లు ఎక్కువ. తెలుగులో నాలుగు వాక్యాలు రాసినా ముక్కలు కొయ్యదు, అది మనకి కలిసొచ్చే సంగతి. ఎటొచ్చీ మధ్యవర్తి కంపెనీ నెల అద్దె ఎంతో ముందే అడగాలి. చిన్న బడికి మెసేజ్‌ల డబ్బు కన్నా ఆ అద్దే ఎక్కువైన సందర్భాలున్నాయి.

యాప్ మాత్రం వద్దు. వాషింగ్టన్ డీసీ బడుల్లో ఒక ప్రయోగం జరిగింది. మెసేజ్‌ల సౌకర్యం ఉంది, వెబ్‌సైటుకి వెళ్లి నమోదు చేసుకోండి అంటే ఒక్క శాతం మంది కూడా చేరలేదు. ఒక మెసేజ్‌కి జవాబిస్తే చాలు అన్నా పది శాతం దగ్గరే ఆగింది. అడక్కుండా అందరినీ చేర్చేసి, వద్దనుకుంటే ఆపుకోండి అంటే దాదాపు 95 శాతం మంది ఉండిపోయారు. పిల్లల మార్కులు మెరుగుపడింది కూడా ఆ గుంపులోనే. మన దగ్గర యాప్ కథా ఇంతే. జూన్‌లో మీటింగ్ పెట్టి అందరి చేతా డౌన్‌లోడ్ చేయిస్తారు, ఆగస్టుకి ఫోను నిండిపోయి తీసేస్తారు, పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తుండదు. బడి మాత్రం పిల్లాడికింత అని ఏడాది పొడుగునా కడుతూనే ఉంటుంది.

ఎంత మంచి ఏర్పాటైనా ఫోన్ నంబరు దగ్గర చతికిలపడుతుంది. అడ్మిషన్ ఫారంలో ఉన్న నంబరు నాలుగేళ్ల కిందటిది. ఆఫర్ కోసం సిమ్ మార్చారు, లేదా అది మేనమామ నంబరు, లేదా రీఛార్జి లేక మూతపడింది. గల్ఫ్ కుటుంబాలది ఇంకో లెక్క. కోనసీమలో తల్లి కువైట్‌లో ఉంటుంది, పిల్లలు అమ్మమ్మ దగ్గర. రాజంపేట, రాయచోటి వైపూ అంతే, జగిత్యాల, నిజామాబాద్ వైపు తండ్రి దుబాయ్‌లో. ఫీజు పంపేది అక్కడివాళ్లు, బడికి పంపేది ఇక్కడివాళ్లు. ఫీజు కబురు వాట్సాప్‌లో కువైట్‌కి వెళ్లాలి, రాలేదన్న కబురు అమ్మమ్మ కీప్యాడ్ ఫోనుకి రావాలి. ఆ అమ్మమ్మకి చదువు రాకపోతే హెడ్ మేడమ్ గొంతుతో రికార్డు చేసిన వాయిస్ కాల్ వెళ్లాలి. కాబట్టి పిల్లాడికి రెండు నంబర్లు, ఏ కబురు ఎవరికి అనే గడి ఒకటి రిజిస్టరులో ఉండి తీరాలి. జూన్‌లో ఒకసారి అన్ని నంబర్లకీ ఉత్తుత్తి మెసేజ్ పంపి, చేరనివాటిని వారంలో సరిచేయించే పని ఎవరికైనా అప్పగించాలి. ఈ ఒక్క పని చెయ్యని బడిలో ఏ సాఫ్ట్‌వేర్ పెట్టినా డబ్బు దండగ.

ఆ నంబర్లని కాపాడే బాధ్యతా బడిదే. ఫిబ్రవరి రాగానే పదో తరగతి పిల్లల ఇళ్లకి కాలేజీల పీఆర్‌ఓల ఫోన్లు మొదలవుతాయి. పిల్లాడి పేరు, బడి పేరు, తండ్రి పేరు అన్నీ చెబుతారు. ఎక్కడి నుంచి వెళ్లాయో ఊరందరికీ అనుమానం ఉంటుంది, అడిగేవాళ్లే ఉండరు. 2023 నాటి డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లలోపు పిల్లల సమాచారం వాడాలంటే సాధారణంగా తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటోంది. పిల్లల విషయంలో తప్పు జరిగితే జరిమానా 200 కోట్ల దాకా ఉండొచ్చు. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, దశలవారీగా అమలవుతాయి. మెసేజ్ కంపెనీతో ఒప్పందంలో "ఈ నంబర్లు ఇంకెవరికీ ఇవ్వం, ఒప్పందం ముగిస్తే తుడిచేస్తాం" అన్న వాక్యం లేకపోతే సంతకం పెట్టవద్దని నా సలహా. రేటులో రెండు పైసలు తగ్గిస్తామంటే ఎందుకు తగ్గిస్తున్నారో కూడా అడగండి.

ఇంకో జబ్బు కూడా చూశాను. చవకగా ఉంది కదా అని రోజూ పంపడం. పుట్టినరోజు శుభాకాంక్షలు, ఉగాది, కరస్పాండెంటు గారి సూక్తి, స్పోర్ట్స్ డే ఫొటోలు. నెల తిరిగేసరికి బడి పేరు చూడగానే జనం తీసిపారేస్తారు, అందులో తుఫాను సెలవూ పోతుంది. మళ్లీ ఫోన్లు మొదలు. నా లెక్కలో ఒక ఇంటికి ఏడాదికి 60 దాటితే అందులో అనవసరమైనవి ఉన్నట్టే.

ఇవన్నీ విని మొన్న ఒక కరస్పాండెంటు గారు వెంటనే అడిగింది, "అయితే ఆఫీసులో క్లర్కుని తీసెయ్యొచ్చా?" అని. ఏడాదికి లక్షన్నర కనపడుతుంది మరి. వద్దండీ అన్నాను. మెసేజ్‌లకి కదలని మూడో రకం కుటుంబాలు ప్రతి బడిలో ముప్పయ్యో నలభయ్యో ఉంటాయి. వరసగా నాలుగు రోజులు రాని పిల్లలు ఉంటారు. ఇన్నాళ్లూ 200 ఫోన్ల హడావిడిలో వీళ్లకీ మిగతావాళ్లలాగే నాలుగు నిమిషాలు దక్కింది. ఆ అమ్మాయి చేతికి ఇప్పుడు మొత్తం లిస్టు కాకుండా ఈ ముప్పై పేర్లే ఇచ్చి, మధ్యాహ్నాలు ఇళ్లకి వెళ్లి రమ్మనండి, పెట్రోలు డబ్బులు మీరివ్వండి అన్నాను. పెట్రోలు మాట దగ్గర ఆయన కాస్త ఆగారు. జూన్‌లో చూద్దామన్నారు.